రెండేళ్ల ఆదివారాలు

“ఆ డొక్కు లేచిందంటే సమాధిలోంచి లాజరు లేచినట్టే,” అంది సిల్వియా, గ్యారేజీ గుమ్మం బయటే నిలబడి ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని.

లోపల యాభై ఏళ్లనాటి పికప్ బండి బుర్రుమంది. స్టీరింగు దగ్గర ఆమె భర్త దయారత్నం. రేపటి నుంచి ఆ గ్యారేజీలో జావా కంప్యూటర్ క్లాసులు. అమీర్‌పేటలో జాగా ఖాళీగా ఉంచేవాడు వెర్రివాడని, ఆయన్ని అడక్కుండానే సిల్వియా కోచింగ్ వాళ్లకి ఇచ్చేసింది.

బండి రెండడుగులు కదిలి గుమ్మం దగ్గర ఆగింది.

“బయటికి రాదు సార్,” అన్నాడు మెకానిక్ నర్సింగ్. “గుమ్మం కంటె టాపు జానెడు ఎత్తున్నది. తెచ్చినప్పుడు టాపు విడిగ ఉండె. ఇప్పుడు వెల్డింగ్ అయిపోయింది.”

సిల్వియా పకపకా నవ్వింది. “చర్చి ఎగ్గొట్టి మరీ రెండేళ్ల ఆదివారాలు తుప్పు గీకారు. ముందు గుమ్మం కొలుచుకోవాలన్న ఇంగితం లేదు! తుప్పు పట్టింది బండికి కాదండీ, మీ బుర్రకి.”

ఆ జానెడు తేడా ఏదో చూద్దామని బండి పక్కనుంచి దూరి మొదటిసారి లోపలికొచ్చింది. గోడ మీద రెండు సుద్దగీతలు కనిపించాయి. ఒకదాని పక్కన ‘గుమ్మం’ అనీ, జానెడు పైనున్న దాని పక్కన ‘టాపు’ అనీ దయారత్నం చేతిరాత. కింద, బండి కొన్ననాటి తారీకు.

“తెలిసే చేశారా?” ఆమె గొంతు తగ్గింది. “ఎందుకండీ?”

దయారత్నం ఇంజన్ ఆపేశాడు.

“ఈ ఇంట్లో నువ్వు అడుగుపెట్టని చోటు ఇదొక్కటే సిల్వియా. దీన్ని వదిలి ఎక్కడికి పోతాను?”

సిల్వియా తన కాళ్లకేసి చూసుకుంది.