చెయ్యి లేపే ముందు

"ఆ గోడ మీద నేను రాయనమ్మా," అంటూ భూమన్న రంగు డబ్బా తెచ్చి హేబ్సిబా అరుగు మీద పెట్టేశాడు. "అది జీవరాజ్ ఇల్లంట. మీరు నిలబడ్డదే ఆయన మీద. ఆయన గోడ మీద మీ మాట రాస్తె నా చేతులు ఇరగ్గొడ్తడు."

"పోయి రాయి," అంది దయమ్మ. "ఎవరన్న అడిగితె నా పేరు చెప్పు."

భూమన్న జహీరాబాద్ నుంచి వచ్చి పది రోజులే అయింది. బోర్డులు రాసే పని వెతుక్కుంటూ బీదరు బస్టాండు దగ్గర గది తీసుకున్నాడో లేదో, మునిసిపాలిటీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. బావిగల్లీ నుంచి మంత్రసాని దయమ్మ నిలబడింది. ఆ గల్లీలో సగం మంది ఆమె చేతుల్లో భూమ్మీద పడ్డవాళ్లే. ఆమె చెల్లెలు హేబ్సిబా ఇంటి అరుగే ఎన్నికల ఆఫీసు. గోడలన్నిటి మీదా రాయమన్నది ఒకే ఒక్క మాట: 'చెయ్యి లేపే ముందు మిమ్మల్ని అడుగుతా.'

ఆ మాట వెనక పెద్ద గొడవే ఉంది. నడి వేసవిలో కూడా ఎండని తియ్యనీళ్ల బావి ఆ గల్లీకి ఒక్కటే. దాన్ని పూడ్చి దుకాణాలు కట్టాలని మునిసిపాలిటీ వాళ్లు తలుపులు మూసుకుని తీర్మానం చేశారు. గల్లీ మెంబరు జీవరాజ్ కూడా పదిమందితో పాటు చెయ్యి లేపి వచ్చాడు. ఎర్రరాళ్ల బండ్లు వచ్చి బావి పక్కన దించేదాకా గల్లీలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఎన్నికలని పని ఆగింది గానీ, జీవరాజ్ మళ్లీ గెలిస్తే బావి ఉండదు. అంతే సంగతి.

భూమన్న ప్రాణం అరచేతిలో పెట్టుకుని నిచ్చెన వేశాడు. సగం రాశాడో లేదో తలుపు తెరుచుకుని జీవరాజ్ బయటికొచ్చాడు.

"ఎవరు రాయమన్నరు?"

"దయమ్మ," అన్నాడు భూమన్న, ఒక కాలు కిందికి దించుతూ.

జీవరాజ్ గోడ వంక కాసేపు చూశాడు. "ఆమె చెప్పిందా? ఇగ ఆపేటోడు ఎవడు. గా 'మ' సరిగ్గ రాలే, దిద్దు," అని లోపలికి పోయాడు.

"పులి అనుకున్న గని, పిల్లి లెక్కున్నడమ్మా," అని భూమన్న తిరిగొచ్చి చెప్పాడు.

"గట్ల అనకు," అంది దయమ్మ. అంటూనే మొహం అటు తిప్పుకుంది.

భూమన్నకు ఆమె తీరు నచ్చలేదు. వాళ్ల ఊళ్లో అయితే ఎదుటివాణ్ని తాతముత్తాతలతో సహా తిట్టి పోస్తారు. ఈమె ఇంత మెత్తగా ఉంటే ఓట్లెలా పడతాయి?

"'దొంగ జీవరాజ్‌ను ఓడగొట్టుండ్రి' అని రాస్తనమ్మా. మంది చదువుతరు."

"నోరు కడుక్కో. దొంగ కాదు. ఆ పేరెందుకు, బావి పేరు రాయి."

"మరి తలుపులు మూసుకొని చేసిన తీర్మానంల ఆయన చెయ్యి లేపిండని మీకెట్ల తెలిసింది?"

హేబ్సిబా మధ్యలో అందుకుంది. "మెంబర్ సాబ్ ఎప్పుడు ఏం తిన్నడో మా అక్కకు తెల్వదా?"

"తిన్నడా?" భూమన్న దగ్గరికి జరిగాడు. "ఎంత?"

"మూడు రొట్టెలు."

అరుగు మీద ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. పరాయి ఊరివాణ్ని ఆటపట్టిస్తున్నారులే అనుకుని భూమన్న కుంచె కడుక్కున్నాడు.

ఆ సాయంత్రం దయమ్మ బావి దగ్గర నిలబడి మాట్లాడింది. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసి పదేళ్లు దాటినా ఆ గల్లీలో కన్నడం చదవగలిగేవాళ్లు తక్కువ.

"మీటింగుకు ముందు కాయితం వస్తది. కన్నడంల ఉంటది. దాన్ని ఈ బావికాడ మన మాటల చదివిస్త. మీరు అవునంటెనే నా చెయ్యి లేస్తది, లేకుంటె నా ఒళ్లనే ఉంటది. మెంబర్ సాబ్ చెడ్డ మనిషి కాదు. అడిగే అలవాటు లేదు, గంతే."

ఓట్లు లెక్కపెట్టే రోజు గల్లీకి గల్లీ అంతా మునిసిపాలిటీ ముందే ఉంది. మొదటి పెట్టెలో జీవరాజ్ ముందున్నాడు. రెండో పెట్టెలోనూ ఆయనే. హేబ్సిబా కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఇక బావి పోయినట్టే అనుకున్నాడు భూమన్న. మూడోది ఆడవాళ్లు వేసిన పెట్టె. అది విప్పేసరికి లెక్క తలకిందులైంది. అరవై ఒక్క ఓట్ల మెజారిటీతో దయమ్మ గెలిచింది.

ఇక డప్పులే డప్పులు. ఊరి నడుమ ఉన్న చౌబారా బురుజు చుట్టూ తిరిగి ఊరేగింపు బావి దగ్గరికి వచ్చింది. భూమన్న గొంతు పోయేలా అరిచాడు. మొన్నమొన్నటిదాకా ముక్కూమొహం తెలియని గల్లీ, ఇవాళ తన సొంతమైనట్టుంది. దయమ్మ మెడలో దండలతో ఎర్రరాళ్ల కుప్ప మీదికి ఎక్కింది.

"బావి పూడ్వనియ్య. మరి ఈ రాళ్లు ఏం చేద్దం? మీరే చెప్పుండ్రి."

"బావికి గట్టు కట్టుకుందం," అంది ఒక ముసలమ్మ.

"అవునన్నోళ్లు చేతులు లేపుండ్రి."

బిందెలు కింద పెట్టి మరీ ఆడవాళ్లు చేతులు లేపారు. వెనక వరసలో జీవరాజ్ చెయ్యి కూడా లేచింది. అది చూసి గల్లీ అంతా ఈలలు వేసింది. దయమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆమె కిందికి దిగగానే భూమన్న ఆగలేక అడిగేశాడు.

"అమ్మా, ఇన్ని దినాల సంది చూస్తున్న. మీరు ఒక్కసారి గూడ జీవరాజ్ అనలే. మెంబర్ సాబ్, మెంబర్ సాబ్ అనే. ఇప్పుడు మెంబరు మీరే అయిన్రు. ఓడిపోయినోనికి గింత మర్యాద ఎందుకు?"

దయమ్మ దండలు సర్దుకుని కొంగు తల మీదికి లాక్కుంది.

"మొగుని పేరు ఎట్ల పలుకుతరు నాయనా?"