మెడలు సాచిన పుట్టగొడుగులు

"ఇవి ఎవరూ తీసుకోరు," అంది పుట్టగొడుగుల పెంపకం నేర్పే బిందు మేడం, బుట్టలోంచి ఒక పుట్టగొడుగును పైకెత్తి.

కాడ వేలంత పొడవుంది. కొసన గొడుగు మాత్రం చొక్కా గుండీ అంత. పోయిన కాపులో ఇదే కొట్టుగదిలో అరచేతులంత విచ్చుకున్నాయి. మరైగూడ మహిళా సంఘంలో సుక్కి సరుకునే దోర్నపాల్ హాస్టల్ వాళ్లు అడిగి మరీ తెప్పించుకునేవారు.

"కళ్లూ ముక్కూ లేకపోయినా వీటికి గాలి సంగతి తెలుస్తుంది అక్కా. వదిలిన ఊపిరి లోపలే నిలిచిపోతే, మంచి గాలి కోసం ఇలా మెడలు సాచుతాయి. గొడుగు విప్పవు. కిటికీకి ఆ గోనెపట్టా ఎందుకు కట్టావు? తీసెయ్."

"తియ్యను," అంది సుక్కి.

"అయితే ఈసారి విత్తనం నీకు రాదు. మీ సంఘంలో గంగకి ఇచ్చేస్తా."

ఊళ్లో ఈ పంట మొదలుపెట్టిందే సుక్కి.

"ఇచ్చుకోండి," అంది.

బిందును ఆటోలో తీసుకొచ్చిన పక్క ఊరి మంగల్ అప్పటిదాకా పెరడంతా కలయజూస్తున్నాడు. "పంతమెందుకు చెల్లె, నేను తీస్తా," అంటూ కొట్టు వైపు కదిలాడు.

సుక్కి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కాళ్లు కడగనోళ్లు లోపలికొస్తే బూజు పడతదని మేడమే చెప్పింది. ఆడనే ఆగు. అయినా బిడ్డ పెళ్లి పెట్టుకొని ఈ తిరుగుడేంది అన్నా? పనులు యాడిదాకా వచ్చినయ్?"

"అయితున్నయ్," అన్నాడు మంగల్, చూపు తిప్పుకుని.

బిందు కాడను వేళ్ల మధ్య తిప్పి చూసింది. "ఈ ఊపిరి పుట్టగొడుగులదొక్కటే కాదు. లోపల ఎవరైనా పడుకుంటున్నారా?"

"నేనే. మొగుడితో పడతలేదు."

మంగల్ పకపకా నవ్వాడు. "నీ మొగుడు సన్నను బయట పండబెట్టి, నువ్వు పుట్టగొడుగుల పక్కనా?"

"అవి గురక పెట్టవు."

సాయంత్రానికి ఈ మాట ఊరంతా పాకుతుంది. పాకనీ అన్నట్టు సుక్కి తలెత్తుకునే నిలబడింది. బిందు విత్తనం సంచిని మళ్లీ ఆటోలో పెట్టించింది.

ఆటో చప్పుడు రోడ్డెక్కి సన్నగిల్లేదాకా సుక్కి గుమ్మం వదల్లేదు.

తర్వాత కాళ్లు కడుక్కుని లోపలికెళ్లి, గోనెపట్టాను బెత్తెడు పైకెత్తి, వేలాడే గడ్డి సంచుల వెనక ముడుచుకు కూర్చున్న పెళ్లికూతురితో, "ఇక ఊపిరి పీల్చుకో మీనా, మీ నాయన ఎల్లిపోయిండు," అంది.