వినని మాట

కాన్పులో భార్య చనిపోయిందని నాగాయలంక జాలరి ఎల్లయ్య పెట్టిన ఫిర్యాదు మీద బందరులో విచారణ మొదలైంది. ఆ కాన్పు చేసిన డాక్టరు కనకరత్నం తన మాట చెప్పుకోబోయింది.

"అక్కర్లేదమ్మా. వైద్యుల రిజిస్టరులోంచి మీ పేరు కొట్టేయమని రాసేశాను" అన్నాడు అధికారి.



ఎల్లయ్య లేచాడు. "ఆవిడ మాట వినకుండా ఎట్టా కొట్టేస్తారండీ?"

"నువ్వు కోరిందే కదయ్యా!"

"కాదండీ. కాన్పు గది తలుపేశాక లోపలేం జరిగిందో ఈవిడకే తెలుసు. ఎన్నిసార్లు వెళ్లి అడిగినా నాకు చెప్పలేదు. ఇక్కడైనా చెబుతారని ఫిర్యాదు పెట్టాను."

అధికారి కలం పక్కన పెట్టి, ఆమెను చెప్పమన్నాడు.

ఎల్లయ్యే ముందు అడిగాడు. "డాక్టరమ్మగారూ, మా ఆవిడ నన్ను తలుచుకుందా అండీ?"

కనకరత్నం తల దించుకుంది.

"నిన్ను పిలవమని బతిమాలిందయ్యా. నేనే వినిపించుకోలేదు."