కిటికీ తాడు

"కిటికీ పట్టుకోవాలా, మూకుడు పట్టుకోవాలా? ఒంటి చేత్తో తాలింపు పెట్టడం నావల్ల కావట్లేదు భీమశంకరం!" అన్నాడు దత్తాత్రేయ.

భార్య గౌరి పోయిన దగ్గర్నుంచీ వంట అతనిదే. 1982 నాటికే పాతబడ్డ ఆ జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో, వంటింటి కిటికీని పైకెత్తి వదిలితే దబ్బున కిందపడేది. గౌరి మిరపకాయలు వేయించినప్పుడల్లా ఘాటు బయటికి పోవడానికి అతనే టీవీ ముందునుంచి విసుక్కుంటూ లేచొచ్చి, దాన్ని ఎత్తి పట్టుకునేవాడు.

పై అంతస్తులో ఉండే భీమశంకరం కిటికీ పక్క చెక్క ఊడదీశాడు. లోపల తెగిన తాడు తీసేసి, జేబులోంచి కొత్త తాడు తీసి, కిటికీని పైన ఆపే ఇనుప గుండుకు కట్టాడు.

"తాడు రెడీగానే ఉందే!"

"పోయినేడు కొన్నదే. అప్పుడే ఫిక్స్ చేస్తానంటే చెల్లెమ్మ వద్దంది."

"ఎందుకట? రోజూ నన్ను పిలిచి ప్రాణం తీసేదిగా!"

భీమశంకరం ముడి మీంచి చూపు ఎత్తలేదు.

"'ఇది బాగైపోతే ఆయన వంటింట్లోకి ఎందుకొస్తారన్నయ్యా' అంది."

ముడి బిగించి, చెక్క మళ్ళీ బిగించి పక్కకు జరిగాడు. దత్తాత్రేయ కిటికీ ఎత్తాడు. ఎత్తినచోటే నిలబడింది.

"ఇంక వదిలెయ్. పడదు," అన్నాడు భీమశంకరం.

దత్తాత్రేయ వదల్లేదు.