గెలిచిన వాదం

"నా సిద్ధాంతం మళ్ళీ సిలబస్‌లోకి వచ్చిందిరా!" అంటూ ఫిలాసఫీ ప్రొఫెసరు ఎదురు గదిలోకి దూసుకొచ్చాడు.

ఏళ్ళ తరబడి ఆ సిద్ధాంతం తప్పని తనతో ఢీ అంటే ఢీ అన్న మిత్రుడు, పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు.

"ఎక్కడికిరా?"

"ప్రభుత్వం మారిందిగా! నీ పాఠం వచ్చింది, నాది పోయింది, దాంతో ఈ గదీ పోయింది. పోయినసారి నీ పెట్టె నేను మోశాను. ఈసారి నువ్వు పట్టు."

"నీ వాదం తప్పని నేనింకా నిరూపించలేదు కదరా!"

"నీకెందుకా శ్రమ? ఆ పని ఓట్లు చేసేశాయిగా."

ప్రొఫెసరు ముఖం వాడిపోయింది. "అయితే... నాది ఒప్పని కూడా ఎవరూ తేల్చలేదన్నమాట."

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని పెట్టెను మెట్ల మీంచి కిందికి దించారు. రోజూ గొంతులు చించుకుని వాదించుకునే ఆ మెట్ల మీద, ఇవాళ "మెల్లగా, నీ వైపు కాస్త ఎత్తు" అన్న మాటలే వినబడ్డాయి.