మామా మందులు

“మామాకు నిద్ర పడుతోందా?” అని అడిగాడు డాక్టరు.

“లేదు దక్తూర్. కాసేపు కన్ను మూతపడినా, లేచేటప్పుడు రాత్రంతా రాళ్ళు మోసినట్టే ఉంటుంది,” అంది తిరుపాలమ్మ, తనకొచ్చిన అరబ్బీలో.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక ఆ ఆసుపత్రిలో మిగిలిన మానసిక వైద్యుడు ఆయనొక్కడే. ఈజిప్టు మనిషి. వేసవి మొదట్లో మామాను – ఇంటి యజమానురాలిని అక్కడ అలాగే పిలుస్తారు – ఆయన దగ్గరికి తీసుకొచ్చింది తిరుపాలమ్మే. అంటే, మామా ముందు నడిచింది, ఇంటి పనిమనిషి గనక తిరుపాలమ్మ సంచీ పట్టుకుని వెనక నడిచింది.

మామాకు ఒళ్ళంతా నొప్పులు. మెడ, భుజాలు, నడుము, మోకాళ్ళు. వేలితో తాకితే చాలు, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఎక్స్‌రేలు తీశారు. రక్తం పరీక్షలు చేశారు. ఏమీ లేదన్నారు. చివరికి ఈయన దగ్గరికి పంపితే మామా ముఖం మాడ్చుకుంది. “నాకేమైనా పిచ్చా?” అంది.

“పరీక్షలో కనపడనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదమ్మా,” అన్నాడాయన ఆ రోజు. “నరాల్లో ఒక రేడియో ఉందనుకో. దాని గొంతు పెరిగిపోయింది. తగ్గించే మందు నా దగ్గరుంది. మందు ఒక్కటే చాలదు, నీ మాట వినే మనిషి కూడా కావాలి. అందుకే నా దగ్గరికి పంపారు.”

జబ్బుకు ఏదో పొడుగాటి పేరు చెప్పాడు. ఫైబ్రోమయాల్జియా. తిరుపాలమ్మకు ‘ఫైబ్రో’ వరకే నోరు తిరిగింది. కానీ మిగతాదంతా గోడవారగా నిలబడి, ఒక్క మాట జారిపోకుండా వింది.

ఇప్పుడు డాక్టరు ఎదుట కుర్చీ ఖాళీగానే ఉంది.

“కూర్చో,” అన్నాడు.

“పర్వాలేదు దక్తూర్,” అంది తలుపు చట్రం పట్టుకుని.

“ఏడుస్తోందా?”

“ఎవరూ చూడనప్పుడు.”

“ఒకసారి తీసుకురాలేవా? ఆమె నోటితో వింటే బాగుంటుంది.”

తిరుపాలమ్మ నేల చూసింది. “దారి పొడుగునా సైనికులు. పనిమనిషి మందులకు పోతోందంటే వదిలేస్తున్నారు.”

ఆయన సొరుగులన్నీ లాగాడు. మందుల గదికి వెళ్ళి, అడుగున దొరికిన సగం వాడిన మాత్రల అట్ట ఒకటి పట్టుకొచ్చాడు.

“ఇదే ఆఖరు. సాయంత్రానికొకటి వేయి. గుణం కనపడాలంటే రెండు మూడు వారాలు పడుతుంది.”

“శుక్రవారానికి తగ్గదా?”

“శుక్రవారం ఏముంది?”

“ప్రయాణం. ఎడారి దాటాల.”

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఈ నొప్పులతో అంత దూరమా? ఎవరో ఒకరు పక్కనుండాలి. దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి. ఎవరున్నారు ఆమెకు?”

“నేనే.”

“నువ్వుంటే చాలు,” అన్నాడాయన.

బయట పికప్ ఆపుకుని మహమ్మద్ గౌస్ ఎదురుచూస్తున్నాడు. రాయచోటివాడు. అల్ రాయ్ పేటలో గోడౌన్ డ్రైవరు. గోడౌన్‌కు తాళం పడ్డాక, ఊరికి పోయేవాళ్ళను బస్సుల దగ్గరికి చేరుస్తున్నాడు.

తిరుపాలమ్మ ఒక కాలు పైకి పెట్టి, కాసేపాగి, రెండోది లాక్కుంది.

“ఏందక్కా, ముసలిదాని మాదిరి ఎక్కుతాండావు? ఆయమ్మతో ఉండీ ఉండీ ఆయమ్మ నడకే వచ్చేసిందే నీకు.”

“నోరు మూసుకోని తోలు.”

“తోల్తా గానీ, ఆ పిచ్చి డాక్టరు కాడికి మాటిమాటికీ రాబాక. మనోళ్ళు ఎవురన్నా చూస్తే, నీకంటే ముందే ఆ మాట ఊర్లో దిగుతాది.” నవ్వాడు గౌస్. “అయినా డబ్బున్నోళ్ళకు వస్తేనే అది జబ్బు. ఈడ ఇంటిపనికొచ్చిన మా ఊరి గంగాదేవి ఒళ్ళు నొప్పులనింది. పనిదొంగ అని ఇంటికి తోలేసినారు.”

“ఎరుకే.”

“శుక్రవారం పొద్దున బస్సు. బాగ్దాద్ మీద అమ్మాన్, ఆడ్నించి విమానం. సరిహద్దు కాడ ఇసుకలోనే పండుకోవల్ల. ఇంకో బస్సు ఎప్పుడో, ఉంటాదో ఉండదో ఆ దేవునికే తెలుసు. కువైటీలే సగం మంది సౌదీకి దాటుకున్నారు. నీ మామా ఒకతే ఉండిపోయిందా నీ పాలిటికి?”

తిరుపాలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. కాలిపోయిన కారొకటి వెనక్కి పోయింది.

“వస్తావా, రావా అక్కా? సీటుకు నిండా మంది కాసుకోనుండారు.”

“మామాను అడిగి రేపు చెప్తా.”

“ఇంటి కాడ దించుతాలే.”

“వద్దు. వీధి మొగలో ఆపు.”

గోడ పట్టుకుని నడిచింది. గేటు తాళం తిప్పడానికి వేళ్ళు సహకరించలేదు. రెండు చేతులతో తిప్పింది.

మామా పడకగదిలోకి వెళ్ళి కర్టెన్ మూసింది. గ్లాసులో నీళ్ళు పోసింది. దిండు సర్దింది. అట్టలోంచి ఒక మాత్ర చించి తీసింది.

సైన్యం వచ్చిన రోజే కొడుకుల కారెక్కి సౌదీకి వెళ్ళిపోయిన మామా తాలూకు ఖాళీ మంచం మీద మెల్లగా కూలబడి, తిరుపాలమ్మ ఆ మాత్రను తన నోట్లో వేసుకుంది.