లేటు ఆమేన్

"ఆమేన్!"

అందరూ ఆమేన్ అనేసి, కళ్ళు తెరిచి, కూర్చున్నాక వినిపించింది ఆ కేక.

పాటల బృందంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అందరి మొహాలూ కనిపించేలా పక్క గోడకి వేసిన బెంచీలో కూర్చునే ముసలాయన. ఈ చర్చికి రావడం మొదలుపెట్టి నాలుగు నెలలు, ప్రతి ఆదివారం ఇదే తంతు. పేరు ఎవరూ అడగలేదు. 'లేటు ఆమేన్ తాత' అని స్థిరపడిపోయింది.

ఆడవాళ్ళ వరసలో కూర్చున్న ఒక నర్సుకి మాత్రం నవ్వు రాలేదు. భర్త పోయి ఏడాది. అప్పట్నుంచి ఆవిడకి నవ్వూ రాదు, ఏడుపూ రాదు. వార్డులోనూ సిస్టరే, చర్చిలోనూ సిస్టరే. రెండుచోట్లా టైముకి వెళ్తుంది, టైముకి ఇంటికొస్తుంది.

ప్రార్థనలో తల వంచుతుంది. చివరి మాట దగ్గర మాత్రం నోరు పెగలదు. ఆమేన్ అంటే అలాగే జరుగుగాక అని. ఆయన బతకాలని నలభై రోజులు ఉపవాసముండి అడిగింది. జరిగిందేమిటో చూసింది. ఇంకేం జరగాలని అంటుంది?

ఈ ఏడు గడిచేలోగా ఆ మాట నోటికి రాకపోతే చర్చి మానేద్దామనుకుంది.

ఒక ఆదివారం ప్రార్థన ముగిసేవేళ ఎందుకో కళ్ళు తెరిచింది. ముసలాయన తన మొహంకేసే చూస్తున్నాడు, రెప్ప వెయ్యకుండా. ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యగారూ, ఆ తాతగారు ప్రార్థనలో కళ్ళు మూసుకోరు. ఆడవాళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంటారు."

"కాటికి కాళ్ళు చాపుకున్న మనిషమ్మా!" అన్నారు పాస్టరుగారు.

"కాళ్ళ సంగతి కాదండీ. కళ్ళ సంగతి."

పాస్టరుగారు ముసలాయన్ని పిలిచారు. "తాతగారూ, వచ్చే వారం నుంచి వెనక బెంచీలో కూర్చోండి."

ముసలాయన ఆయన నోటివంక చూశాడు. తర్వాత నర్సువంక చూశాడు. సరేనని తలూపాడు.

వెనక బెంచీకి వెళ్ళాక లేటు ఆమేన్ ఆగిపోయింది.

"పీడ వదిలింది" అంది పక్కావిడ.

నర్సు టైము చూసుకుని ఇంటికి బయల్దేరింది.

రెండు వారాలు అలాగే కూర్చుని వెళ్ళాడు. మూడో వారం రాలేదు. నాలుగో వారం ఆయన కోడలు వచ్చింది.

"మామయ్యగారు మంగళవారం పోయారండీ."

పాస్టరుగారు ఆ కుటుంబం కోసం ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. నర్సు అనలేదు. ఆవిడ చెవులు అలవాటు కొద్దీ ఇంకో ఆమేన్ కోసం ఆగాయి.

బయట మెట్ల దగ్గర కోడలి పక్కకి వెళ్ళింది.

"తాతగారు ఆమేన్ అంత ఆలస్యంగా ఎందుకనేవారమ్మా?"

"ఆయనకి ఇరవై ఏళ్ళుగా చెవులు వినపడవండీ. పెదాలు చూసే అన్నీ తెలుసుకునేవారు."

రోజూ వార్డునిండా రోగుల్ని చూసే మనిషికి ఆ సంగతి తట్టనేలేదు.

"అందుకని ఆలస్యమయ్యేదా?"

"కాదండీ. కావాలనే ఆగేవారు. వెనక బెంచీలో కూర్చోమన్నాక ఒకటే బెంగ. అక్కడ అందరి వీపులే కనిపిస్తాయి, ఎవరు అనలేదో ఇంక నాకెలా తెలుస్తుందీ అని."

"ఎవరు... అనలేదో?"

"అవునండీ. అందరూ అనేదాకా ఆగి, ఎవరి పెదాలు కదల్లేదో చూసి, వాళ్ళ బదులు తను అనేవారు. ఈ చర్చికొచ్చిన నాలుగు నెలలూ మాత్రం ఎవరో ఒక్క సిస్టరు కోసమే అన్నారట."